హైకోర్టు మాట, కమిటీ డప్పు

హైకోర్టు ఆర్డరు వచ్చింది, మా అక్క ఇంటి మీద వేసిన వెలి పోయింది. ఆర్మూర్‌లో ఎవరిని అడిగినా ఈ కథ ఇంతే చెబుతారు. చెప్పి, కోర్టులు లేకపోతే పేదవాళ్ల గతి ఏమయ్యేదో అని ఒక నిట్టూర్పు కూడా విడుస్తారు. మా అక్క పేదది కాదు, ఆ సంగతి అలా ఉంచండి. కోర్టు ఆర్డరు ఇచ్చిన మాట నిజం. వెలి పోయిన మాటా నిజమే. ఒకదాని వెనుక ఒకటి జరిగాయి గనుక మొదటిదే రెండోదాన్ని చేసిందని అందరూ తీర్మానించేశారు. నడుమ ఏం జరిగిందో చూసినదాన్ని నేను. నాకు ఆ కథ మీద నమ్మకం లేదు.

మాకు మార్కెట్ దారిలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. మా ఆయన సరుకు చూసుకుంటాడు, నేను గల్లా దగ్గర కూర్చుంటాను. రైతులు బస్తా కోసం వచ్చి నాతో వాదన పెట్టుకుని పోతారు. డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదివాను. ఆ చదువు యూరియా అమ్మడానికి పనికిరాలేదు గానీ, రాజ్యాంగం పేరు చెప్పి ఎవరైనా నా నోరు మూయించబోతే తిరిగి రెండు మాటలు అనడానికి పనికొస్తుంది. అలా అనీ అనీ సగం ఊరికి చెడ్డదాన్నయ్యాను. మిగతా సగానికి మా ఆయన మంచివాడు.

మా అక్కను ఇచ్చిన ఊరు ఆర్మూర్‌కు దగ్గరే. పొద్దున బండి మీద పోతే వంటవేళకు తిరిగి రావచ్చు. మా జిల్లాలో చాలా ఊళ్లకు ఉన్నట్టే ఆ ఊరికీ ఒక కమిటీ ఉంది. పంచాయతీ వేరు, కమిటీ వేరు. పంచాయతీకి ఎన్నికలు జరుగుతాయి, ఓడినవాడు ఇంటికి పోతాడు. కమిటీలో కులానికి ఇంతమందని పెద్దమనుషులు కూర్చుంటారు. వాళ్లను ఎవరు కూర్చోబెట్టారని అడిగితే "ఊరు" అంటారు. ఊరంటే ఎవరని అడిగితే మళ్లీ వాళ్లే. బడికి ప్రహరీ కట్టించింది వాళ్లే, శ్మశానానికి దారి వేయించిందీ వాళ్లే, అందులో అబద్ధం లేదు. ఆ పనుల ఖర్చు కోసం ఊళ్లో ఏది అమ్మాలన్నా ఆ హక్కును వేలం వేస్తారు. కోడికూర అమ్మే హక్కు ఒకడిది, చెరువులో చేప మరొకడిది. వేలం పాడినవాడు తప్ప ఇంకెవరు అమ్మినా జుర్మానా. జుర్మానా కట్టకపోతే వెలి.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టే హక్కును కూడా వేలం వేశారు. పసుపు తవ్వి తెచ్చాక ఉడకబెట్టి ఎండబెడితేనే అమ్మకానికి వస్తుంది. వెనక పెద్ద పెద్ద కడాయిల్లో ఉడకబెట్టేవారు, ఇప్పుడు ట్రాక్టరుకు తగిలించి లాక్కుపోయే బాయిలర్లు వచ్చాయి. నీళ్లు మరిగి ఆవిరి డ్రమ్ముల్లోకి పోతుంది, డ్రమ్ముల్లో పసుపు ఉడుకుతుంది. ఊళ్లో ఎవరి పసుపైనా హక్కు పాడినవాడి బాయిలర్లోనే ఉడకాలని కమిటీ మాట. మా అక్కకు సొంత బాయిలర్ ఉంది. అంతకు ముందు ఏడే, బావ వద్దంటున్నా పట్టుబట్టి కొనిపించింది.

పక్క చేను ఆమె పసుపు ముందుగా చేతికొచ్చింది. ఆమె, మా అక్క కాపురానికి వచ్చిన నాటి నుంచి జట్టు. ఆమె చేలో అక్క పని చేస్తే, అక్క చేలో ఆమె. అక్క తన బాయిలర్ తీసుకుపోయి ఆమె పసుపు ఉడకబెట్టింది. హక్కు పాడినవాడు కమిటీకి చెప్పాడు. కమిటీ మా బావను పిలిచింది. బావ మాటలు తక్కువ మనిషి, అందుకని అక్క వెళ్లింది. ఆడమనిషి వచ్చిందేమని వాళ్లు మొదట ఆ సంగతి మీదే కాసేపు గొణిగారట. తర్వాత అసలు విషయానికి వచ్చారు. నీ పసుపు సంగతి తర్వాత, ఆమెది ఎందుకు ఉడకబెట్టావని అడిగారు.

"ఆమె నా సోపతి," అన్నది అక్క. "సోపతి గూడ వేలం పెట్టిన్రా? నాకు ఎరుక లేకపాయె. ఎరుకుంటె నేను గూడ పాడుతుంటి."

ఆ మాట దగ్గరే పని చెడింది. తప్పయిందని పక్క చేను ఆమె ఇంటివాళ్లు దండం పెట్టి జుర్మానా కట్టి బయటపడ్డారు. అక్క కట్టనన్నది. ఆ సాయంత్రమే డప్పు పడింది. ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడవద్దు, పనికి పోవద్దు, సామాను అమ్మవద్దు, మాట్లాడినవాళ్లకు జుర్మానా. డప్పు కొట్టేవాడు ఊరంతా తిరిగి మా అక్క వాకిట్లోకి వచ్చేసరికి తల ఎత్తకుండా, మిగతా చోట్లకంటే గట్టిగా కొట్టాడట. అక్క చీపురు పట్టుకుని నిలబడి మొత్తం విన్నది.

వెలి అంటే పాత కాలం సంగతని పట్నంలో ఉండేవాళ్లు అనుకుంటారు. ఇప్పటి వెలి చాలా తేలికగా నడుస్తుంది. ఎవరూ తిట్టరు, కొట్టరు. కిరాణా కొట్టువాడు వీళ్లు ఎదురుగా నిలబడినా ఫోను చూసుకుంటూ ఉంటాడు. పాలవాడు గల్లీ మార్చుకుంటాడు. పెళ్లి పిలుపు పక్కింటి దాకా వచ్చి, వీళ్ల ఇల్లు దాటి, ఆవలి ఇంటికి పోతుంది. ఊరి వాట్సాప్ గ్రూపులో నుంచి బావను తీసేశారు. ఆ మాట చెబుతూ బావ నవ్వాడు, ఆ గ్రూపులో పొద్దున్నే దేవుడి బొమ్మలు తప్ప ఏమీ రావని. నవ్వాడు గానీ, తీసేశారని రెండుసార్లు చెప్పాడు.

వీటన్నిటినీ అక్క తట్టుకుంది. ఆర్మూర్ నుంచి నేను పప్పులు, నూనె పంపించాను. తట్టుకోలేనిది చేను. అక్కవాళ్ల పసుపు ఇంకా భూమిలోనే ఉంది. ఆకు పండి ఎండిపోయింది, కోసి పడేశారు. ఇక తవ్వాలి. ఎండలు ముదిరి నేల గట్టిపడితే కొమ్ములు విరిగిపోతాయి, విరిగినదాన్ని మార్కెట్లో ఎవరూ లెక్కచేయరు. మెత్తబడుతుందని నీళ్లు పెడితే మళ్లీ మొలకలు వస్తాయి. తొమ్మిది నెలల పంట. ఇద్దరు మనుషులు తవ్వితే అయ్యేది కాదు. ధర్పల్లి వైపు నుంచి కూలీలను మాట్లాడి ఆటోల్లో రప్పించాను. ఊరి మొదట్లో కమిటీవాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. బెదిరించలేదు, తిట్టలేదు. మీ ఊళ్లో కూడా కమిటీ ఉంది కదా అని మాత్రం అడిగారు. ఆటోలు వెనక్కి తిరిగాయి.

పక్క చేను ఆమె రోజూ వచ్చి తన చేలో పని చేసుకునేది. నడుమ ఒక గట్టే అడ్డం. మాట లేదు. అయితే బర్రెను తోలుకుంటూ గట్టు వెంట నడుస్తూ, రేపు మొగులు పడుతదట, కల్లంల మక్కలు కప్పుకోవాలె అని బర్రెతో గట్టిగా అనేదట. ఆ మాట తనకే చెప్పిందంటుంది అక్క. నేను నమ్మలేదు. బర్రెలతో మాట్లాడేవాళ్లను నేను చాలామందిని చూశాను, మా అత్త కూడా మాట్లాడేది. కానీ అక్క వెళ్లి మక్కజొన్న కప్పుకుంది. వాన పడలేదు.

నేను తిరగడం మొదలుపెట్టాను. పోలీసుల దగ్గరికి పోయాను. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఫిర్యాదు ఇస్తే తీసుకుంటామన్నాడు. తర్వాత నవ్వుతూ అడిగాడు: "మాట్లాడ్తలేరని ఎవరి మీద కేసు పెట్టాలె మేడం? మా ఇంట్ల మా ఆమె గూడ వారం సంది మాట్లాడ్తలేదు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, అందుకే ఇంకా కోపం వచ్చింది. రెవెన్యూ ఆఫీసులో ఇది ఊరి విషయం, సర్దుకోండి అన్నారు. సర్పంచ్ అయితే నన్ను చూసి ఇంటి వెనక నుంచి బయటికి పోయాడు. చివరికి మేం ఓట్లు వేసి గెలిపించుకున్న నాయకుడి ఆఫీసుకు పోయాను. ఆయన లేడు. ఆయన పనులు చూసే మనిషి ఉన్నాడు. అతనొక్కడే నాతో నిజం మాట్లాడాడు.

"కోర్టుకు పోరి అక్కా," అన్నాడు. "సార్ చెప్తె గా ఊరి ఓట్లన్ని పోతయ్. కోర్టు చెప్తె కోర్టుకు ఏం పోతది? మీ పని అయితది, మా మీద మాట రాదు."

ఈ మాట నన్ను చాలా రోజులు తిన్నది. కాలేజీలో మా మేడం ఈ పాఠం చెప్పేటప్పుడు ఆమె కళ్లు మెరిసేవి. ప్రభుత్వాలు పట్టించుకోని చోట కోర్టు తనంతట తాను కదులుతుంది, ఒక పోస్టుకార్డును కూడా దావాగా తీసుకుంటుంది అని చెప్పేది. నేను ఆ ప్రశ్నకు అదనపు కాగితాలు అడిగి తీసుకుని జవాబు రాశాను. కోర్టు ఎంత దూరం రావచ్చు, ఎక్కడ ఆగాలి, శాసనసభ పని కోర్టు చేస్తే ప్రజాస్వామ్యం ఏమవుతుంది, అన్నీ రాశాను. రాయనిది ఒకటే. ఆ పాఠంలో కోర్టు ముందుకు వస్తుంటే గెలిచినవాళ్లు అడ్డం పడతారని ఉంది. గెలిచినవాళ్లే పక్కకు జరిగి, రండి రండి అని దారి ఇస్తారని ఎవరూ చెప్పలేదు.

కోర్టుకు పోదామంటే బావ ఒప్పుకోలేదు. హైదరాబాద్, వకీలు, వాయిదాలు, ఈలోపు పసుపు భూమిలోనే ముగుస్తుందన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. అంతలో పేపర్లో వచ్చింది. జిల్లా పేజీలో, పైభాగాన, బాయిలర్ ముందు నిలబడిన మా అక్క ఫొటో. సాగుకు సంకెళ్లు అని, ఇంకా ఏదో కవిత్వం. ఆ విలేకరికి నేను అంతకు ముందే రెండుసార్లు ఇదే కథ చెప్పాను. కమిటీవాళ్లు పండుగలకు ప్రకటనలు ఇస్తారు, మాకు ఇబ్బంది అని తప్పించుకున్నాడు. ఇప్పుడు తనే ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడట. విత్తనాలకు దుకాణానికి వస్తే పట్టుకుని అడిగాను, ఇప్పుడెట్లా ధైర్యం వచ్చిందని.

"రాయమన్నరు, రాసిన," అన్నాడు.

ఎవరన్నారు అంటే, పేపరువాళ్లను అది అడగొద్దక్కా అని నవ్వి, టమాటా నారు తెగులు సంగతి ఎత్తాడు.

ఆ వార్త చూసి హైకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది. ఆర్మూర్‌లో ఆ రోజు పండుగ. హైదరాబాద్‌లో కూర్చున్న పెద్ద జడ్జి మా వైపు పేపరు చదివి చలించిపోయాడని చెప్పుకున్నారు. చలించే ఉంటాడు, నేను కాదనను. కానీ ఆ పేజీని ఆయన బల్ల మీదికి చేర్చిన చెయ్యి ఎవరిది? మా జిల్లాలో ఏడాదికి ఎన్ని ఇళ్లకు వెలి పడుతుందో ఇక్కడి బస్సు కండక్టరును అడిగినా చెబుతాడు. వాటిలో ఈ ఇల్లు, ఈ వారం, ఈ ఫొటో. తన మీద మాట రాకుండా పని కావాలనుకున్న ఆఫీసొకటి నాకు తెలుసు. రుజువు లేదు. రుజువు లేకుండా అనుమానించే హక్కు నాకుంది, నేను జడ్జిని కాదు.

కోర్టు కలెక్టరును, పోలీసులను పిలిచి, ఆ కుటుంబం మీది వెలి వెంటనే పోవాలి, పోయిందని మాకు నివేదిక ఇవ్వాలి అన్నది. ఒక లాయరును కూడా కోర్టు తరఫున చూడమని పెట్టింది. మూడో రోజో నాలుగో రోజో ఊళ్లోకి జీపులు వచ్చాయి. నేనూ వెళ్లాను. అధికారులు మీటింగు ఎక్కడ పెట్టారనుకున్నారు? కమిటీ హాల్లో. పంచాయతీ ఆఫీసులో ఫ్యాను పనిచేయదు, కుర్చీలు చాలవు. కమిటీ ఫ్యాను కింద, కమిటీ కుర్చీల్లో, కమిటీ చాయ్ తాగుతూ, కమిటీ చేసింది చట్టవిరుద్ధమని వాళ్లు చెప్పారు. కమిటీకి పెద్ద ఒకాయన ఉన్నాడు. మా బావకు వరుసకు చిన్నాయన, నేనూ కాకా అంటాను. ఆయన లేచి, కోర్టంటే మాకు గౌరవం, ఎట్లా చెబితే అట్లా చేస్తామన్నాడు. వచ్చిన పెద్ద అధికారికి ప్రాణం లేచి వచ్చింది.

"అయితే మీరే చాటించండి," అన్నాడు. "మీరు చెప్తేనే వింటారు."

నేను వెనక కూర్చుని ఉన్నాను. ఆ ఒక్క మాటతో చెడిందని నాకు అప్పుడే అనిపించింది. చాటించడమంటే ఈ ఊళ్లో ఏమిటో ఆ అధికారికి తెలియదు. కాకాకు తెలిసిన చాటింపు ఒకటే, అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది ఏం చేయాలో. రెండోది చేయకపోతే ఏం పడుతుందో.

సాయంత్రం డప్పు మోగింది. మేం అక్క వాకిట్లో ఉన్నాం. "హైకోర్టు ఆర్డరు ప్రకారం గా ఇంటోళ్లతోని అందరు మాట్లాడాలె. పనికి పోవాలె. సామాన్లు అమ్మాలె. మాట్లాడనోళ్లకు జుర్మానా."

నేను పగలబడి నవ్వాను. బావ కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. రేపు ఎంతమంది వస్తారో, పలుగులు సరిపోతాయో లేదో అని చూడ్డానికి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున మా అక్క ఇంటి ముందు జనం. అలాంటి మాటలు నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు. ఒకాయన గేటు దగ్గర నిలబడి "బాగున్నవా" అని, అక్క బాగున్నా అన్నాక, ఎవరైనా చూశారా అని ఇటూ అటూ చూసి వెళ్లాడు. ఒక ముసలమ్మ లోపలికి వచ్చి కూర్చుని "నేను మాట్లాడిన అని రాసుకోరి" అన్నది. ఎవరం రాసుకోవాలమ్మా అంటే "గది నాకేమెరుక, రాసుకోరి" అన్నది. కిరాణా కొట్టువాడు అడగకుండానే చక్కెర తెచ్చి ఇచ్చాడు. ఒక ఇల్లాలు భర్తకు జ్వరమని, ఆయన మాట కూడా తనే మాట్లాడి పోతానన్నది. వాట్సాప్ గ్రూపులో బావను మళ్లీ చేర్చారు, చేర్చిన వెంటనే దేవుడి బొమ్మ వచ్చింది. రెవెన్యూ ఆఫీసు మనిషి ఒకడు ఫోనుతో అందరి ఫొటోలు తీసుకున్నాడు, కోర్టుకు పంపాలట.

పదకొండింటికల్లా చేలోకి మనుషులు దిగారు. అందరికంటే ముందు పలుగు పట్టుకుని దిగింది పక్క చేను ఆమె. అక్కతో ఏం మాట్లాడిందో నేను వినలేదు. ఇద్దరూ పక్కపక్క సాళ్లు పట్టారు.

ఆ మధ్యాహ్నం కోర్టు పెట్టిన లాయరు ఫోను చేస్తాడని కబురు వచ్చింది. ఊళ్లో వెలి నిజంగా పోయిందా అని ఆయన నేరుగా అక్కనే అడుగుతాడట. నాకు కావలసింది అదే. అక్కను చెట్టు నీడకు పిలిచి చెప్పాను, జరిగింది జరిగినట్టు ఆయనకు చెప్పు అని. మాట్లాడొద్దని జుర్మానా వేయడం ఎంత నేరమో, మాట్లాడాలని వేయడమూ అంతే నేరమని చెప్పాను. కోర్టు పేరుతో కమిటీ మళ్లీ కమిటీయే అయిందని చెప్పాను.

"చెప్త," అన్నది అక్క. "చెప్తె ఏమైతది?"

"మల్ల పిలుస్తరు గాళ్లను. జుర్మానా తీసెయ్యిమంటరు."

"తీసేస్తరు. తీసేసిన్నాడు గీ మనుషులు ఉంటరా చేన్ల?"

నేను చేను వైపు చూశాను.

"సగం గూడ తవ్వలేదు చెల్లె. నీకు కోర్టు గెలవాలె. నాకు భూమిల నుంచి పసుపు ఎల్లాలె. ఎల్లినంక నువ్వు ఎవ్వలకన్న చెప్పుకో, సుప్రీంకోర్టుకు చెప్పుకో."

బావ అక్కడే నీళ్లు తాగుతున్నాడు. చెంబు దించి, "మరదలా," అన్నాడు, "నీ రాజ్యాంగంల తవ్వేటోళ్లు ఉంటె తోలియ్యి. రేపటికి ఇంక ఇరవై మంది తక్కువ ఉన్నరు."

ఫోను వచ్చింది. నేను పక్కనే నిలబడ్డాను. ఆ లాయరు మంచివాడే, ఓపికగా అడిగాడు. ఊళ్లో అందరూ మాట్లాడుతున్నారా అమ్మా అన్నాడు. అవ్ సార్, మాట్లాడుతున్నరు అన్నది అక్క. పనికి వస్తున్నారా? వస్తున్నరు. దుకాణాల్లో సామాను ఇస్తున్నారా? ఇస్తున్నరు. ఇంకేమైనా చెప్పాలా అన్నాడు. అక్క నా ముఖం చూసింది. "లేదు సార్," అన్నది. ఒక్క అబద్ధం లేదు. ఎందుకు మాట్లాడుతున్నారని ఆయన అడగలేదు. అడగాలని ఆయనకు తోచదు, హైదరాబాద్‌లో మనిషితో మనిషి మాట్లాడ్డానికి కారణం అక్కర్లేదు.

ఫొటోలతో నివేదిక పోయింది. కోర్టు చూసి, ఆ కుటుంబం ప్రశాంతంగా జీవిస్తున్నందుకు సంతృప్తి తెలిపి కేసు ముగించింది. మళ్లీ పేపర్లో పై భాగాన వచ్చింది. మా నాయకుడు కూడా కోర్టు తీర్పును స్వాగతిస్తున్నానని ఒక ప్రకటన ఇచ్చాడు. ఆయన ఫొటో మా అక్క ఫొటో కంటే పెద్దది.

పసుపంతా భూమిలో నుంచి బయటికి వచ్చింది. కొంచెం ఆలస్యమైనా కొమ్ములు బాగానే వచ్చాయి. సొంత బాయిలర్లోనే ఉడికింది, ఎవరూ ఏమనలేదు. కల్లంలో ఆరబోసినప్పుడు నేను పోయి ఒక పూటంతా అక్కతో కూర్చుని ఏరాను. ఇక చెప్పు, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో అన్నది అక్క. ఎవరికి చెప్పాలి? ముగిసిన కేసును మళ్లీ తెరిపించి, అయ్యా మీ ఆర్డరు అమలైంది, అదే నా బాధ అని ఏ కోర్టుకు చెప్పుకోను?

తొలకరికి ముందు కాకా మా దుకాణానికి వచ్చాడు. మక్కజొన్న విత్తనం కావాలన్నాడు. రెండు రకాలు చూపించాను. ఆయన సంచి తిప్పి తిప్పి చూస్తూ, నువ్వు మా మీద ఏవేవో అంటున్నావట బిడ్డా అన్నాడు. అంటున్నాను అన్నాను. మీకు ఓట్లెవరు వేశారని అంటున్నాను. ఆయనకు కోపం రాలేదు. కాచుకుని ఉన్నట్టున్నాడు.

"గా జడ్జిలకు ఎవరేసిన్రు ఓట్లు?" అన్నాడు. "గాళ్లు హైదరాబాద్‌ల కూసోని మా ఊరి సంగతి చెప్తె న్యాయం. గీ ఊళ్లె పుట్టి మేం చెప్తె అన్యాయం. గిదెక్కడి లెక్క?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, అదనపు కాగితాలు నింపింది ఊరికే కాదు. జడ్జి ఎందుకు చెప్పాడో రాసి పెడతాడని, ఆయన పైన ఇంకో కోర్టు ఉందని, అందరి పైన ఒక పుస్తకం ఉందని చెప్పాను. మీ డప్పు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి కాకా అన్నాను.

"మీ అక్క హైకోర్టుల చేస్కున్నది గదా."

"అక్క పోలేదు. కోర్టే తనంతట తాను తీస్కున్నది."

కాకా సంచి కింద పెట్టి నా వైపు చూశాడు. "కోర్టుకు పేపరు ఎవరు పంపిన్రు బిడ్డా?" అన్నాడు. నా అనుమానమే ఆయన నోట్లో నుంచి వచ్చింది. ఆయనకు తెలుసా, నాలాగే ఊహిస్తున్నాడా తెలియలేదు. నేను ఏదో అనేలోపు మా ఆయన గోదాములో నుంచి వచ్చి, రెండో రకం తీసుకోండి, దిగుబడి బాగుంటుంది అన్నాడు. కాకా తీసుకుపోయాడు.

అప్పటి నుంచి కాకాతో మనసులో చాలాసార్లు వాదించాను. కోర్టు రాకూడదని నేను అనను. రాకపోతే పసుపు భూమిలోనే ఎండిపోయేది, నేను ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉండేదాన్ని. ఎవరూ పలకని చోట ఒకరు పలకాలి. కానీ ఆ పలికిన మాట మా ఊరి దాకా నడిచి రావడానికి దానికి సొంత కాళ్లు లేకపోయాయి. ఎవరి పీక మీద కాలు పెట్టాల్సి ఉందో వాళ్ల భుజం మీదే ఎక్కి వచ్చింది. దీన్ని కోర్టు గెలుపు అని పేపరు రాసింది. ఊళ్లో కమిటీ పరువు పెరిగింది. హైకోర్టుకు కూడా మన డప్పే కావలసి వచ్చిందని వాళ్లు చెప్పుకుంటున్నారు. వాళ్ల మాటలో అబద్ధం ఎక్కడుందో చూపించమంటే నేను చూపించలేను.

ఈ ఏడు ఉడకబెట్టే హక్కు వేలం వేయలేదు. మిగతావి వేశారు. మా అక్క ఇంటికి జనం వస్తున్నారు, పెళ్లి పిలుపులు ఇల్లు దాటిపోవడం లేదు. ఒక సంగతి మాత్రం అందరూ మరిచిపోయినట్టున్నారు. మాట్లాడనివాళ్లకు వేసిన ఆ జుర్మానాను ఇంతవరకు ఎవరూ ఎత్తేయలేదు. కోర్టుకు దాని సంగతే తెలియదు. కమిటీకి ఎత్తేయాల్సిన అవసరం రాలేదు.

పక్క చేను ఆమె రోజూ వస్తుంది. చేలో పని అయ్యాక గట్టు మీద అక్క పక్కన కూర్చుని సద్ది తింటుంది, ఇద్దరూ పొద్దు వాలేదాకా కబుర్లు చెప్పుకుంటారు. నన్ను చూస్తే "ఏం వదినె, ఎప్పుడొచ్చినవ్" అంటుంది, కళ్లలోకి చూసే అంటుంది. ఆమెను ఒక్క మాట అడగాలని నాకు నాలుక చివర దాకా వస్తుంది. అక్క పసిగట్టి నా చేతిని గట్టిగా పట్టుకుంటుంది. అడిగినవంటె మల్ల నా గడప తొక్కకు అని ఒకసారి అన్నది కూడా. అంటే ఆ ప్రశ్న అక్క లోపల కూడా తిరుగుతూనే ఉంది. జవాబు వినడానికి అక్కకు ధైర్యం లేదు. నాకు ఉంది, కానీ అడిగే వరుస నాది కాదు.

రేపు కమిటీ డప్పు కొట్టించి ఆ జుర్మానా తీసేసిందే అనుకుందాం. ఎల్లుండి పొద్దున ఆమె గట్టు దాటి వచ్చి మా అక్క పక్కన కూర్చుంటుందా?